సవరణ: బార్కస్ అరబ్బుల గురించి

హైదరాబాద్‌కు వలస వచ్చి ఇక్కడివాళ్లైపోయిన వారి గురించి పోయిన వారం రాస్తూ, చాంద్రాయణగుట్ట దగ్గరి బార్కస్‌లో ఉండేది ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల వారసులని రాశాను. అది తప్పు. రెండు వలసలను కలిపేశాను.

బార్కస్ ప్రధానంగా యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులది. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చారు. ‘బ్యారక్స్’ (సైనికుల వసతి) అనే మాటే జనం నోట బార్కస్ అయింది. సిద్దీలతో ముడిపడిన పేట మాసబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్. ఆ పేరులోని ‘ఏసీ’ అంటే ఆఫ్రికన్ కావల్రీ, అంటే గుర్రపు దళం.

బార్కస్‌లో పుట్టి పెరిగిన ఒక పెద్దాయన ఫోన్ చేసి ఈ సంగతి చెప్పారు. తర్వాత నగర చరిత్ర పుస్తకాల్లోనూ చూసుకున్నాను. 1948లో నిజాం పాలన ముగిశాక కొలువులు పోయినా చాలా అరబ్బు కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. స్థానికులతో వియ్యాలు అప్పటికే కలిశాయి, ఇంట్లో మాట దక్కనీ ఉర్దూ అయింది. లుంగీ, పొద్దున్నే తినే హరీస్ (గోధుమలు, మాంసం కలిపి వండేది) మాత్రం వదల్లేదు. పాత పోస్టులో ఆ పేరా మార్చాను.