పాత ట్రక్కు తుప్పు పని: తగ్గించుకోవాల్సింది మెరుపు ఖర్చు

పాత ట్రక్కు బాడీకి పట్టిన తుప్పును తక్కువ ఖర్చుతో బాగుచేసుకోవాలనుకోవడం సబబే. కాకపోతే ఖర్చు ఎక్కడ తగ్గించాలన్న దగ్గరే చాలామంది లెక్క తప్పుతోంది. డబ్బంతా పుట్టీ మీద, మెరిసే రంగు మీద పోస్తారు. రేకు వెనక వైపు పైసా పెట్టరు. తుప్పు పుట్టేది వెనకే కాబట్టి ఏడాది తిరక్కుండానే అదే చోట మళ్లీ పొక్కులు లేస్తాయి.

తుప్పు ఎక్కువగా తినే చోట్లు చూస్తే కారణం తెలిసిపోతుంది. చక్రాల పైనున్న వంపులు, డోర్ల అడుగు మడతలు, క్యాబిన్ వెనక మూలలు, డోర్ కింద గుమ్మంలా ఉండే బోలు భాగం. ఇవన్నీ లోపల బురద పేరుకునే జాగాలే. నీళ్లు పోవడానికి పెట్టిన రంధ్రాలు మూసుకుపోతే ఆ బురద రోజుల తరబడి తడిగానే ఉంటుంది. పైగా తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు జాగా ఆక్రమిస్తుంది. అందుకే మడతల దగ్గర రెండు రేకుల మధ్య చేరి వాటిని విడదీస్తుంది, పెయింట్‌ను లోపలి నుంచి పైకి తోస్తుంది. రంగు ఉబ్బిందంటే చాలాసార్లు వెనక రేకు అప్పటికే చిల్లు పడే దశలో ఉన్నట్టు.

ఏదైనా కొనే ముందు ఒక అయస్కాంతం, ఒక మొద్దు స్క్రూడ్రైవర్ పట్టుకుని బండి చుట్టూ తిరగాలి. అయస్కాంతం సరిగా అంటుకోని చోట పాత పుట్టీ మందంగా ఉన్నట్టే. ఉబ్బిన చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవాలి, రేకు గట్టిగా తగిలేదాకా పొడుస్తూ పోవాలి. కనిపించే చిల్లు కంటే పోయిన రేకు ఎప్పుడూ పెద్దదే.

ఈ తనిఖీలోనే పనిని రెండుగా విడగొట్టుకోవాలి. ఛాసిస్ (బండి మొత్తాన్ని మోసే అడుగు చట్రం), క్యాబిన్ ఛాసిస్‌పై కూర్చునే మౌంట్లు, సీటు బెల్టు బిగించిన చోట్లు, డోర్ కీళ్లు పట్టుకునే స్తంభాలు, గుమ్మం లోపలి రేకు... ఇవి బరువు మోసే భాగాలు. ఇక్కడ జిగురు, రివెట్లు, పుట్టీ పనికిరావు. నిపుణుడైన వెల్డర్ చేతికి ఇవ్వాల్సిందే. చవక పద్ధతులన్నీ బయటి తొడుగు రేకులకే. అందులోనూ బోల్టులతో ఊడొచ్చే డోర్, బానెట్, ముందు మడ్‌గార్డ్ లాంటివి బాగా తినేసి ఉంటే పాత సామాన్ల యార్డులో అడుగు చెడని ముక్క వెతుక్కోవడం మేలు. డోర్ అడుగు మడత కత్తిరించి, కొత్తది వంచి, అతికించే శ్రమతో పోలిస్తే చాలాసార్లు అదే చౌక.

చిల్లులో వైర్ మెష్ కుక్కి పైన పుట్టీ కొట్టడం అన్నిటికంటే చవకగా కనిపించే దారి. నిజానికి అది వృథా ఖర్చు. మామూలు పాలియెస్టర్ పుట్టీలో టాల్క్ పొడి ఉంటుంది, అది తడిని పీల్చుకుంటుంది. వెనక నుంచి చేరిన తడి పుట్టీకీ రేకుకీ మధ్య తుప్పు రేపుతుంది, చివరికి ముద్దకు ముద్దే ఊడి పడుతుంది. పుట్టీ ఉన్నది వంకరలు సరిచేయడానికే, చిల్లు పూడ్చడానికి కాదు. తుప్పును మార్చే ద్రావణాల మీదా ఇలాంటి అతి నమ్మకమే ఉంది. టానిక్ ఆమ్లం, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసినవి పలుచగా, గట్టిగా అంటుకున్న తుప్పునే నల్లటి నిలకడైన పొరగా మారుస్తాయి. పొలుసులు లేచిన చోట పై పొర మాత్రమే నల్లబడి అడుగున తుప్పు అలాగే ఉంటుంది. కాబట్టి ముందు వైర్ బ్రష్‌తో పొలుసులన్నీ రాల్చాలి. గుంటల్లో మిగిలిన మరకకే ద్రావణం పూయాలి.

చిల్లు ఉన్న చోట కత్తిరించక తప్పదు. గట్టి రేకు మొదలయ్యాక ఇంకో 25 మి.మీ. దాకా కోసేయాలి. శుభ్రం చేయడానికి మందపాటి గ్రైండింగ్ డిస్క్ వాడితే మంచి రేకు కూడా పలుచబడుతుంది, పెయింట్ ఒలిచే మెత్తటి డిస్క్ చాలు. ముందు అట్టతో నమూనా కోసి, అది సరిపోయాకే రేకు కోయాలి. బాడీ రేకు సాధారణంగా 0.7 నుంచి 1 మి.మీ. ఉంటుంది కాబట్టి 20 లేదా 22 గేజ్ రేకు (గేజ్ నంబరు పెరిగేకొద్దీ రేకు పలచన) సరిపోతుంది. అతుకు మూలలు గుండ్రంగా ఉండాలి, పదునైన మూలల దగ్గర పుట్టీ త్వరగా పగులుతుంది.

అతకడానికి వెల్డింగ్ మంచిదా, జిగురా? మిగ్ వెల్డింగ్ (సన్నటి వైరు, గ్యాస్ ఒకే గన్ నుంచి వచ్చే పద్ధతి) చేతనైతే 0.6 మి.మీ. వైరు, ఆర్గాన్-కార్బన్ డయాక్సైడ్ మిశ్రమంతో సుమారు 25 మి.మీ. దూరంలో ఒక్కో చుక్క పెడుతూ, ఒక చుక్క ఇక్కడ వేస్తే తర్వాతిది అటు చివర వేస్తూ పోవాలి. ఏకధాటిగా లాగితే వేడికి రేకు అలలు తిరుగుతుంది. మామూలు రాడ్ వెల్డింగ్ ఇంత పలచటి రేకును కాల్చి చిల్లు చేస్తుంది. జింకు పూత ఉన్న రేకయితే అంచుల్లో పూత తీసేసి, గాలి బాగా ఆడే చోటే చేయాలి. ఆ పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది. బ్యాటరీ వైరు ఊడదీయాలి. ఇంధన ట్యాంకు, పైపులు, సీటు నురగ దగ్గర్లో లేకుండా చూసుకోవాలి.

వెల్డింగ్ రానివారికి బయటి తొడుగు రేకుల వరకు రెండు భాగాలు కలిపి వాడే ప్యానెల్ జిగురు నిజంగా మంచి దారి. వేడి ఉండదు కాబట్టి రేకు వంకర పోదు, వెనక పెయింట్ కాలదు. అతుకు అన్ని వైపులా 25 మి.మీ. పాత రేకు కిందికి వెళ్లాలి. రెండు వైపులా 80 నంబరు గరుకు కాగితంతో లోహం మెరిసేలా రుద్దాలి. రుద్దిన చోటంతా జిగురు పరుచుకోవాలి, బట్టబయలుగా మిగిలిన లోహమే రేపటి తుప్పు. దగ్గర దగ్గరగా రివెట్లు కొట్టి పట్టి ఉంచాలి, కానీ జిగురంతా పక్కకు పిండుకుపోయేంత బిగించకూడదు. ఉక్కుకు ఆనుకున్న అల్యూమినియం రివెట్లకు తడి తగిలితే త్వరగా తినేస్తాయి, ఉక్కు రివెట్లు వాడి జిగురులో ముంచి కొట్టడం మంచిది. గట్టిపడటానికి ఒక రోజు వదిలేయాలి. ఆ తర్వాత దగ్గర్లో వెల్డింగ్ చేయకూడదు.

ఇలా వెనక నుంచి వేసిన అతుకులో ఒక బలహీనత ఉంది. అతుకు పై అంచు లోపలి వైపు చిన్న అరుగులా నిలబడుతుంది. లోపల జారే నీళ్లూ బురదా ఆ అరుగు మీదే ఆగుతాయి. అక్కడ అతుకుల సందులు పూడ్చే సీమ్ సీలెంట్‌ను ఏటవాలుగా దిద్దితే నీళ్లు నిలవకుండా జారిపోతాయి. వెల్డింగ్ చేసిన చోటైతే వెనక వైపు కాలిపోయిన పెయింట్ పట్టీ అంతా వట్టి ఇనుమే. చేయి పట్టని బోలు భాగమైతే కంటికి కనిపించని చోట 10-12 మి.మీ. రంధ్రం చేసి, పొడవాటి గొట్టంతో లోపలంతా క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల తుప్పు పట్టకుండా కొట్టే మైనపు పూత) కొట్టి రబ్బరు బిరడా పెట్టాలి. నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం వ్యాక్స్‌తో మూసుకుపోకూడదు, కొట్టాక తీగతో ఒక్కోటీ పొడిచి చూడాలి. తుప్పు మీదే మందపాటి రబ్బరు అండర్‌కోటింగ్ కొట్టించడం దీనికి సరిగ్గా విరుద్ధం. పూత పగిలిన చోట దూరిన నీళ్లు బయటికి పోలేక లోపలే ఉండి రేకును తింటాయి.

బయటి వైపు ముందుగా రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) వేయాలి. మామూలు ప్రైమర్ గుండా తడి దూరుతుంది, ఎపాక్సీ గుండా దాదాపు దూరదు. కింద ఆమ్ల ద్రావణం అవశేషం ఉంటే ఎపాక్సీ పట్టదు, కాబట్టి డబ్బా మీద రాసినట్టు కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. వెల్డింగ్ గీత మీద మొదట ఫైబర్ కలిసిన పుట్టీ, దాని మీద పలచగా మామూలు పుట్టీ. మొత్తం మందం 3 మి.మీ. దాటకుండా చూడాలి. 100 గ్రాముల పుట్టీకి సుమారు 2 గ్రాముల హార్డనర్ (పుట్టీని గట్టిపరిచే పేస్టు) చాలు. తక్కువైతే జిగటగానే ఉండిపోతుంది, ఎక్కువైతే రంగు మీదికి మరక తేలుతుంది. నాలుగైదు నిమిషాల్లో గట్టిపడుతుంది కాబట్టి కొద్దికొద్దిగానే కలుపుకోవాలి. 80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 180, 320 నంబర్ల దాకా పొడిగానే రుద్దాలి. బట్టబయలు పుట్టీని నీళ్లతో రుద్దితే పీల్చేసుకుంటుంది. దుమ్ముకు మాస్కు తప్పనిసరి.

ఇక రంగు దగ్గర ధైర్యంగా పొదుపు చేయొచ్చు. పని చేసే బండికి అద్దంలాంటి మెరుపు అక్కర్లేదు. ఎనామెల్‌ను కొంచెం పలచన చేసి నురగ రోలర్‌తో రెండు మూడు పూతలు వేస్తే స్ప్రే బూత్ ఖర్చు మిగులుతుంది. మెరుపు తక్కువ రంగు ఎంచుకుంటే చిన్న ఎగుడుదిగుడులు కంటపడవు. హార్డనర్ కలిపే రంగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, బయటి గాలి సరఫరా చేసే మాస్కు లేకుండా వాటిని ఇంట్లో స్ప్రే చేయకూడదు. ఇలా మిగిలిన డబ్బుతో ఇంకో డబ్బా వ్యాక్స్ కొని, ఇప్పటిదాకా తుప్పు పట్టని రెండో వైపు గుమ్మంలోనూ, మిగతా డోర్ల అడుగునా కొట్టాలి.