సవరణ: సూపర్‌మ్యాన్, లిటిల్ నైట్‌మేర్స్ 3 గురించి

మొన్నటి పోస్టులో సూపర్‌మ్యాన్ (2025) సినిమా ‘తేలిగ్గా ఉంది’ అన్నాను. సరదాగా ఉందనే గానీ బాగాలేదని కాదు. కర్నూలు హాల్లో నా పక్క సీటు పెద్దాయన సూపర్‌మ్యాన్ దగ్గరుండే క్రిప్టో కుక్క వచ్చినప్పుడల్లా పగలబడి నవ్వాడు. దర్శకుడు జేమ్స్ గన్ సూపర్‌మ్యాన్ పుట్టుపూర్వోత్తరాల జోలికి పోకుండా, ఓడిపోయి మంచులో పడ్డ హీరోతో కథ మొదలెట్టడం నాకు తెగ నచ్చింది.

ఇక లిటిల్ నైట్‌మేర్స్ 3 అనే భయపెట్టే వీడియో గేమ్. ‘ఇద్దరు ఆడొచ్చు’ అని ఆ పోస్టులో నేనన్న మాట చూసి కడప తమ్ముడొకడు రెండో కంట్రోలర్ కొనబోయాడట. ఆగు నాయనా! ఆ ఇద్దరూ ఆన్‌లైన్‌లోనే. ఒకే టీవీ ముందు కూర్చుని ఆడే వీల్లేదు. ఒకరు గేమ్ కొంటే చాలు, రెండోవాళ్లు ఫ్రెండ్స్ పాస్‌తో ఉచితంగా చేరొచ్చు. ఈ సిరీస్‌లో మొదటి రెండు గేమ్‌లూ టార్సియర్ అనే స్టూడియోవి, ఇది సూపర్‌మాసివ్ అనే వేరే స్టూడియో చేసింది. ఇందులో భయం తగ్గిందని నేనన్న మాట మాత్రం మార్చుకోను.