11 ఏళ్లదాకా పిల్లలకు నిష్పత్తులు తెలియవా?

"11 ఏళ్లు నిండేదాకా పిల్లల బుర్రకు నిష్పత్తులు ఎక్కవు, పియాజే ఎప్పుడో తేల్చేశాడు. నాలుగో వంతు కంటే ఎనిమిదో వంతు పెద్దదనడమే రుజువు. ముందే నేర్పడం దండగ." తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇది.

మొదట పియాజే సంగతి. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించిన స్విస్ మనస్తత్వవేత్త ఈయన. ఆయన, ఆయన సహపరిశోధకురాలు ఇన్‌హెల్డర్ అనుపాతపు ఆలోచనను, అంటే రెండు నిష్పత్తులు సమానమో కాదో తేల్చడాన్ని, దాదాపు 11, 12 ఏళ్ల దశలో పెట్టిన మాట నిజమే. కానీ వాళ్లు పిల్లల దగ్గర చూసింది జవాబుతో పాటు దానికి చెప్పే కారణం కూడా. కారణం చెప్పలేకపోవడం వేరు, తేడా కంటికి ఆనకపోవడం వేరు. ఇడ్లీ పిండిలో పప్పెంత, రవ్వెంత అని మా అమ్మమ్మను అడిగితే "చూస్తే తెలియట్లా?" అనేది.

ఇక "బుర్రకు ఎక్కవు" అన్నది. 2007లో మెక్‌క్రింక్, విన్ అనే పరిశోధకులు 6 నెలల పసివాళ్లకు రెండు రకాల బొమ్మలు కలిపి చూపించారు. బొమ్మల సంఖ్య మారుతున్నా నిష్పత్తి మాత్రం మారదు. చూసి చూసి విసుగెత్తాక నిష్పత్తిని రెట్టింపు తేడాతో మారిస్తే, పిల్లలు మళ్లీ ఎక్కువసేపు చూశారు, అంటే తేడా పసిగట్టారన్నమాట. తేడా ఒకటిన్నర రెట్లే అయితే పట్టించుకోలేదు. ముతక చూపే, కాదనను. అంతకుముందు 1999లో హట్టెన్‌లోకర్ బృందం కాగితం మీద పొడవాటి పెట్టె గీసి, అందులో ఒక చుక్క పెట్టింది. ఆ చుక్కను బట్టి నిజం ఇసుకపెట్టెలో వస్తువు ఎక్కడుందో 4 ఏళ్లవాళ్లలో ఎక్కువమంది చూపించగలిగారు. ఇది అచ్చంగా దూరాల నిష్పత్తే.

అసలు తిరకాసు ఆ "రుజువు"లో ఉంది. 2008లో బోయర్, లెవిన్, హట్టెన్‌లోకర్ పిల్లలకు నిలువు పట్టీల బొమ్మలు ఇచ్చారు: ఒక రంగు జ్యూసు, ఇంకో రంగు నీళ్లు. ఒక పట్టీని నమూనాగా చూపించి, "ఇదే రుచి వచ్చే కలయిక ఏది?" అని అడిగారు. గీతలు లేని పట్టీలతో చిన్నపిల్లలు కూడా బాగానే నెట్టుకొచ్చారు. అదే పట్టీలను గళ్లుగా విడగొట్టేసరికి గళ్లు లెక్కపెట్టి, సంఖ్య కలిసినదాన్ని ఎంచుకుని పొరబడ్డారు. అంటే చూపు పనిచేస్తూనే ఉంది, కొత్తగా వచ్చిన లెక్కింపు అడ్డం పడుతోంది. ఎనిమిదో వంతు పెద్దదనడమూ ఆ కోవలోదే: 4 కంటే 8 పెద్దది కదా!

చివరిది, "దండగ". ఒకటో తరగతిలో భిన్నాలు బట్టీ పట్టించడం దండగే, ఒప్పుకుంటాను. కానీ 1991లో స్పినిల్లో, బ్రయంట్ చూసినట్టు, 6 ఏళ్ల ప్రాంతంలో పిల్లలు "సగం కంటే ఎక్కువా, తక్కువా" అన్న పోలికతో నెగ్గుకొస్తారు. మనకు అర, పావు ఉండనే ఉన్నాయి. పావు అన్న మాటలో నాలుగు వినిపించదు కాబట్టి లెక్కింపు ఉచ్చు కాస్త తప్పుతుందేమో, ఇది నా ఊహ మాత్రమే.

గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లయితే మూడు గ్లాసులకు ఎన్ని అని అడిగి చూడండి. కొందరు "నాలుగు" అంటారు, ఒకటి ఎక్కువ పోయాలనుకుని. పియాజే మాట నిలిచేది ఇక్కడ. అన్నీ పావు కొలతకు తగ్గించి, నాలుగే పోసి వండండి. పలుకు అన్నం తిన్నాక వాళ్లే మళ్లీ అడుగుతారు.