ఫెయిలైన మిస్సైల్‌తో భయం లేదా?

గోపాల్‌పూర్ ఒడ్డున పడవ నీడలో వల కుడుతూ మావ తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. "అల్లుడూ, ఇది చదువు." మన బరంపురం తెలుగువాళ్ల గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజే: "టెస్టులో మిస్సైల్ ఫెయిలైతే ఆ దేశానికి చేతకానట్టే. సముద్రంలో పడింది కాబట్టి ప్రపంచానికి గండం గడిచింది. టెన్షన్ వద్దు."

ముందు చేతకానితనం సంగతి. మన ఒడిశా తీరంలోనే వీలర్ దీవి (ఇప్పుడు అబ్దుల్ కలాం దీవి) నుంచి 2006 జూలై 9న అగ్ని-3ని మొదటిసారి వదిలితే, గమ్యం చేరకుండా సముద్రంలో పడింది. తొమ్మిది నెలలకు, 2007 ఏప్రిల్ 12న, అక్కడి నుంచే లేచి పని పూర్తిచేసింది. ఎగిరినంతసేపూ క్షిపణి లోపలి వేడి, ఒత్తిడి, దిశ రేడియో ద్వారా కిందికి చేరుతూనే ఉంటాయి. అది మునిగినా ఆ లెక్కలు మిగులుతాయి. ఈ మాట చెబితే మావ వలలో చిరుగు చూపించి, "రాయి ఎక్కడుందో దీనివల్లే కదా తెలిసింది" అన్నాడు. నాకంటే బాగా చెప్పాడు.

గండం గడిచిందనడం మరీ అన్యాయం. 2016లో ఉత్తర కొరియా ముసుదాన్ క్షిపణులు ఒకదాని తర్వాత ఒకటి కూలుతుంటే టీవీల ముందు నవ్వుకున్నాం. 2017 జూలై 4న అదే దేశం ఖండాంతర క్షిపణిని ఎగరేసింది. ఇక రష్యాలో, 2019 ఆగస్టు 8న తెల్లసముద్రం ఒడ్డున న్యోనోక్సా దగ్గర పరీక్షలో పేలుడు జరిగి అణు సంస్థ నిపుణులు ఐదుగురు చనిపోయారు. సెవెరోద్విన్స్క్ నగరంలో రేడియేషన్ కాసేపు పెరిగింది.

మెసేజ్‌లో ఒక ముక్క ఒప్పుకుంటాను. బ్రిటన్ అణ్వాయుధాలన్నీ జలాంతర్గాముల మీదే ఉంటాయి. వాటి నుంచి వదిలే ట్రైడెంట్ క్షిపణి 2016లో, మళ్లీ 2024 జనవరిలో టెస్టులో ఫెయిలైంది. పరువు పోయింది, నిజమే. అయినా ఆ దేశం చేతులు ఖాళీ అని ఎవరూ లెక్కేసుకోలేదు.

టెన్షన్ పడాల్సింది వేరే చోట. 2022 మార్చి 9న మన క్షిపణి ఒకటి పొరపాటున వెళ్లి పాకిస్తాన్‌లోని మియాన్ చన్ను దగ్గర పడింది. అది టెస్టు కూడా కాదు. అదృష్టం, ఎవరూ పోలేదు. పొరపాటు జరిగిందని మన ప్రభుత్వం ప్రకటించింది 11న. రెండు అణుదేశాల మధ్య రెండు రోజులు! ముందే చెప్పుకోవాలని 2005లో ఒప్పందం ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ అది బాలిస్టిక్ క్షిపణుల (విసిరిన రాయిలా పైకి లేచి కిందికి పడేవి) పరీక్షలకే. వెళ్లి పడింది బ్రహ్మోస్, విమానంలా ఎగిరే క్రూయిజ్ రకం. పైగా పొరపాటుకు ముందస్తు కబురు ఎవరు పంపుతారు?