తప్పంతా పైలట్ మీదేనా?
1935 అక్టోబర్ 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 బాంబర్ కూలడానికి పైలట్ అజాగ్రత్తే కారణమని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. నాకది సగం నిజమే అనిపిస్తోంది. నేల మీద ఉన్నప్పుడు గాలికి తోక రెక్కలు కదలకుండా వేసే లాక్ తీయకుండానే లేచిన మాట వాస్తవం. ముక్కు నిటారుగా పైకెత్తి, స్టాలై (అంటే రెక్కలకు విమానాన్ని గాల్లో నిలిపే బలం పోయి), పడి తగలబడింది. కానీ నడిపిన మేజర్ ప్లోయర్ హిల్ కొత్తవాడేం కాదు. బోయింగ్ టెస్ట్ పైలట్ లెస్లీ టవర్ కూడా అందులోనే ఉన్నాడు. ఇద్దరూ పోయారు. నాలుగింజన్ల యంత్రాన్ని జ్ఞాపకం మీద నడపమనడమే అసలు లోపం. పైలట్లకు చెక్‌లిస్టు, అంటే ఒక్కొక్కటిగా చూసుకోవాల్సిన పనుల జాబితా, పెట్టింది ఆ తర్వాతే. అలాగని కాగితం ఉంటే సరిపోదు లెండి, మా ప్లాంట్‌లో బాయిలర్ వెలిగించే ముందు నింపాల్సిన లిస్టుకి టీ తాగుతూ వరసగా టిక్కులు కొట్టేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.