పాత ఇండెక్స్‌తో ఎన్నాళ్లు?

మాదాపూర్‌లో మా ఆఫీసు. "లాగిన్ ఎక్కడ చెక్ అవుతోందో చూడు" అని మా కోడ్ మీద పనిచేసే ఏఐ ఏజెంట్‌ని అడిగితే ఏం చేస్తుంది? "లాగిన్" అని గ్రెప్ (ఫైళ్లలో పదాలు వెతికే కమాండ్) కొడుతుంది. అసలు ఫంక్షన్ పేరేమో వెరిఫై సెషన్! దొరకదు. ఇక ఫైళ్లకు ఫైళ్లు తెరిచి చదవడం, టోకెన్లు (ఏఐ చదివే మాటల ముక్కలు, వాటి లెక్కనే బిల్లు) తగలెయ్యడం, కాంటెక్స్ట్ (అది ఒకేసారి గుర్తుంచుకోగల మేర) నిండిపోయి మొదట చెప్పింది మర్చిపోవడం. ఆ బిల్లెవరు కట్టాలి? 1973 నాటి గ్రెప్‌ని అనడానికి లేదు, అది అక్షరాలే పోలుస్తుంది. అర్థాన్ని బట్టి వెతకడానికి ఎంబెడింగులున్నాయి కదా, అంటే అర్థాన్ని వెక్టర్లుగా, అంకెల వరుసలుగా మార్చడం! కోడ్‌ని ఫంక్షన్ల వారీగా ముక్కలు చేసి, వెక్టర్లుగా ఇండెక్స్ చేస్తే కావాల్సిన నాలుగు ముక్కలే వస్తాయి. మా ఆఫీసులో అదీ పెట్టారు. ఒక్కసారి పెట్టి వదిలేశారు! కోడ్ బ్రాంచ్ (వేరే వెర్షన్) మారినా ఇండెక్స్ మారదు. ఎప్పుడో తీసేసిన ఫంక్షన్‌ని చూపిస్తుంది, ఏజెంట్ దాన్నే నమ్మి కోడ్ రాసేస్తుంది. మారిన ఫైళ్లవరకైనా మళ్లీ ఇండెక్స్ చెయ్యండయ్యా అని ఎన్నిసార్లు మొత్తుకోవాలి?