సవరణ: స్లాబ్ తర్వాత గోడకట్టు ఎప్పుడు?

ఇంటి పనుల షెడ్యూల్ గురించిన పోస్టులో ‘స్లాబ్ వేసిన 7 రోజులకు కింద గోడకట్టు’ అని ఉంది. అది అన్ని గదులకూ వర్తించదు. కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం, ఓపీసీ (సాధారణ పోర్ట్‌లాండ్) సిమెంటుతో వేసిన స్లాబ్ స్పాన్ (ఆధారాల మధ్య దూరం) 4.5 మీటర్ల లోపైతేనే 7 రోజులకు జాకీలు (స్లాబ్‌ను కింద నుంచి మోసే తాత్కాలిక ఊతాలు) తీయొచ్చు; దాటితే 14. బీముల కిందైతే 6 మీటర్ల వరకు 14, ఆపైన 21. ఇవి కనీస గడువులే. పీపీసీ, అంటే పోజోలానా కలిపిన సిమెంటు వాడితే (ఇప్పుడు చాలా ఇళ్లకు అదే) ఇంజనీరు సరేననేదాకా ఇంకా ఆగాలి.

జాకీలు ఉన్నంతవరకు కింద గోడకట్టు సాగదు కాబట్టి, పనుల చార్టులో గోడకట్టును స్లాబ్ పోసిన తేదీకి కాదు, జాకీలు తీసే తేదీకి ముడిపెట్టండి. ఈలోగా పై అంతస్తు కాలమ్స్ పని నడుస్తుంది. సెంట్రింగ్ సామాను (జాకీలు, పలకలు) ఒక్క సెట్టే ఉంటే మాత్రం, మేస్త్రీలు ఎంతమంది ఉన్నా పై స్లాబ్ ఆగాల్సిందే.